థైరాయిడ్ ఉన్నవారి ఆహారం, మాత్రలు, బలం పొడులు: బొంబాయి చాళ్లలోని మనవారికీ, ఊళ్లోని ఇంటివారికీ

మెడ ముందు భాగంలో, గొంతు ముడికి కొద్దిగా దిగువన, సీతాకోకచిలుక ఆకారంలో ఉండే చిన్న గ్రంథిని థైరాయిడ్ గ్రంథి అంటారు. ఇది మనం తినే ఆహారంలోని అయోడిన్‌ను గ్రహించి థైరాక్సిన్ అనే హార్మోన్‌ను తయారు చేస్తుంది. శరీరంలోని వేడి, గుండె వేగం, జీర్ణశక్తి, స్త్రీలలో నెలసరి, గర్భంలోని శిశువు మెదడు ఎదుగుదల ఈ హార్మోన్‌పై ఆధారపడి ఉంటాయి.

గ్రంథి పనిలో వచ్చే లోపం ముఖ్యంగా రెండు విధాలు. హార్మోన్ తక్కువైతే అలసట, చలికి ఓర్వలేకపోవడం, మలబద్ధకం, చర్మం పొడిబారడం, జుట్టు రాలడం, కొద్దిగా బరువు పెరగడం కనిపిస్తాయి. దీనిని హైపోథైరాయిడ్ అంటారు. హార్మోన్ ఎక్కువైతే గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, బాగా తింటున్నా బరువు తగ్గడం కనిపిస్తాయి. ఇది హైపర్‌థైరాయిడ్. ఒకరికి పనికివచ్చే సలహా రెండవవారికి హాని చేయవచ్చు. కనుక "నాకు థైరాయిడ్ ఉన్నది" అని తెలిస్తే చాలదు, రెండింటిలో ఏది అన్నది ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి.

ఈ జబ్బు అరుదైనది కాదు. ముంబయి, హైదరాబాదు సహా 8 నగరాలలో 5,376 మంది పెద్దలను పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, సుమారు 11 శాతం మందికి హైపోథైరాయిడ్ ఉన్నట్లు తేలింది. పురుషులకంటే స్త్రీలలో ఇది ఎక్కువ.

రెండు ఇళ్ల కుటుంబాలు

కామాటిపురాకు ఆ పేరు మనవారి వల్లనే వచ్చింది. పద్దెనిమిదవ శతాబ్దం చివరి నుండి నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల నుండి వెళ్లి, బొంబాయిలో రోడ్లు, భవనాలు కట్టిన కూలీలను అక్కడివారు కామాఠీలు అన్నారు. తరువాతి కాలంలో బట్టల మిల్లులలో పనికి వెళ్లిన పద్మశాలీలు వర్లీ, పరేల్ పరిసరాలలోని చాళ్లలో స్థిరపడ్డారు. నేటికీ మన సరిహద్దు గ్రామాలలో అనేక కుటుంబాలకు ఒక కాలు ఊళ్లో, ఒక కాలు బొంబాయిలో ఉన్నది. పండుగకు కోడలు దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో ఊరికి వస్తుంది. తిరుగు ప్రయాణంలో సంచిలో పచ్చడి, జొన్నపిండి, కొన్నిసార్లు కల్లుప్పు కూడా వెళ్తాయి.

థైరాయిడ్ విషయంలో ఈ రెండు ఇళ్ల జీవితం వల్ల మూడు చిక్కులు వస్తున్నాయి. అక్కడ ఒక ఉప్పు, ఇక్కడ ఒక ఉప్పు. ప్రయాణాలలో మాత్రలు ఆగిపోవడం. ఊళ్లో ఒకరు, నగరంలో ఒకరు చెప్పిన పథ్యాల మధ్య రోగి నలిగిపోవడం. పథ్యాల జాబితా పెరిగేకొద్దీ అసలు చేయవలసిన పనులు వెనుకబడుతున్నాయి. అవి నిజానికి మూడే: సరైన ఉప్పు, సరైన వేళకు మాత్ర, తప్పని పరీక్ష. మిగిలినవన్నీ వీటి తరువాతివే.

ఉప్పు డబ్బాలో ఏమున్నది?

అయోడిన్ ఉప్పు మన దేశానికి రావడంలో ఒక తెలుగువాని కృషి ఉన్నది. శ్రీకాకుళంలో 1921లో జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, తన సహచరులతో కలిసి 1956లో హిమాచల్ ప్రాంతపు కాంగ్రా లోయలో ఒక పెద్ద ప్రయోగం ప్రారంభించారు. లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పును, మూడవదానికి మామూలు ఉప్పును సరఫరా చేశారు. కొన్నేళ్లలో అయోడిన్ ఉప్పు తిన్న గ్రామాలలో గళగండం, అనగా గొంతు వాపు, గణనీయంగా తగ్గింది. ఆ తరువాత 1962లో జాతీయ గళగండ నివారణ కార్యక్రమం మొదలైంది. అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మరాదన్న దేశవ్యాప్త నిషేధం 1998లో వచ్చింది. 2000లో ఎత్తివేసిన ఆ నిషేధాన్ని 2006 మే నుండి తిరిగి అమలు చేశారు.

పెద్దలకు రోజుకు కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు 250 మైక్రోగ్రాములు. వినియోగదారుని చేతికి వచ్చేసరికి ఉప్పులో గ్రాముకు కనీసం 15 మైక్రోగ్రాముల అయోడిన్ ఉండాలని నియమం. పది గ్రాముల ఉప్పు తినేవారికి అంతటితోనే 150 అందుతుంది. అలాగని ఉప్పు ఎక్కువ తినమని అర్థం కాదు. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మిగిలిన అయోడిన్ పాలు, పెరుగు, గుడ్డు, సముద్రపు చేపల నుండి వస్తుంది. బొంబాయిలో దొరికే బాంగ్డా, బొంబిల్, మాందేలీ వంటి చేపలు సముద్రానివే. ఊరి చెరువు చేపలో అంత అయోడిన్ ఉండదు. రక్తపోటు ఉన్నవారు ఉప్పు తగ్గించవలసి వచ్చినా, తినే ఆ కొద్ది ఉప్పు అయోడిన్ ఉప్పే కావాలి.

ఇంట్లో గమనించవలసినవి:

1. విడిగా అమ్మే కల్లుప్పులో సాధారణంగా అయోడిన్ కలిపి ఉండదు. సంచిపై రాసి ఉంటే తప్ప నమ్మరాదు.
2. సైంధవ లవణం, గులాబీ రంగు ఉప్పు ఖరీదైనవే. అంతమాత్రాన అయోడిన్ ఉన్నట్లు కాదు. ఉపవాసం రోజున వాడినా ఫరవాలేదు, నిత్యం అదే వాడితే అయోడిన్ లోపిస్తుంది.
3. అయోడిన్ ఉప్పుతో పెడితే పచ్చడి చెడిపోతుందన్న భయం అనవసరం.
4. ఉప్పును మూత గట్టిగా ఉన్న డబ్బాలో, పొయ్యికీ తడికీ దూరంగా ఉంచాలి. బొంబాయి వానకాలపు చెమ్మకు తెరిచి ఉంచిన ఉప్పులో అయోడిన్ తగ్గిపోతుంది. కూర దింపే ముందు ఉప్పు వేయడం మేలు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. అయోడిన్ లోపం వల్ల వచ్చే వాపును అయోడిన్ ఉప్పు నివారిస్తుంది. కాని నేడు ఎక్కువమందికి వస్తున్న హైపోథైరాయిడ్‌కు కారణం, శరీరపు రక్షణ వ్యవస్థే పొరపాటున గ్రంథిపై దాడి చేయడం. దానికి మాత్రే మందు. అధికంగా అయోడిన్ తిన్నందువల్ల అది నయం కాదు, ముదిరే అవకాశం కూడా ఉన్నది.

క్యాబేజీ, సజ్జ రొట్టె, సోయా మానాలా?

క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవాలు, సజ్జలు మొదలైన వాటిలో అయోడిన్ వినియోగానికి అడ్డుపడే పదార్థాలు ఉన్న మాట నిజం. అయితే అవి బాధించేది అయోడిన్ కొరత ఉన్నచోట, అదే ఆహారం రోజూ పెద్ద మోతాదులో తిన్నప్పుడు. అయోడిన్ ఉప్పు వాడే ఇంట్లో, ఉడికించిన క్యాబేజీ కూర వారానికి రెండుసార్లు తిన్నా నష్టం లేదు. చలికాలంలో సజ్జ రొట్టె తినేవారు మానవలసిన పని లేదు. జొన్న, గోధుమ, వరితో మార్చి మార్చి తింటే చాలు. పచ్చి క్యాబేజీ రసం రోజూ గ్లాసుల కొద్దీ తాగడం మాత్రం తగదు.

సోయా సంగతి వేరు. సోయా ముక్కలు, సోయా పాలు మాత్ర ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. తినేవారు మాత్ర వేసుకున్న కొన్ని గంటల తరువాతే తినాలి.

మొత్తం మీద హైపోథైరాయిడ్‌కు ప్రత్యేకమైన పథ్యం అంటూ లేదు. మలబద్ధకానికి ఆకుకూరలు, పొట్టు తీయని పప్పులు, జొన్న రొట్టె, తగినంత నీరు మేలు చేస్తాయి. బరువు విషయంలో వడాపావ్, భజియా, తీపి చాయ్ తగ్గించుకుని రోజూ నడవడం అవసరం. హార్మోన్ లోపం వల్ల పెరిగే బరువు సాధారణంగా కొద్ది కిలోలే. పది, ఇరవై కిలోలు పెరిగితే తప్పంతా థైరాయిడ్‌దే అనుకోరాదు.

నీళ్లు వచ్చే వేళే మాత్ర వేళ

లెవోథైరాక్సిన్ మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. తరువాత అర్ధగంట నుండి గంట వరకు చాయ్, పాలు, ఫలహారం ఏదీ తీసుకోరాదు. చాయ్‌తో పాటు మాత్ర మింగితే పూర్తిగా ఒంటికి పట్టదు. అప్పుడు పరీక్షలో అంకె పెరుగుతుంది, డాక్టరు మోతాదు పెంచుతారు, రోగి "మందు పనిచేయడం లేదు" అంటారు. లోపం మందుది కాదు, వేళది.

చాల్ జీవితానికి ఈ నియమం కష్టమని కొందరంటారు. నిజానికి అదే సులువు. అనేక చాళ్లలో నల్లా నీళ్లు తెల్లవారుజామునే వస్తాయి. లేచిన వెంటనే ఒక గ్లాసు నీటితో మాత్ర వేసుకుని, ఆ తరువాత నీళ్లు పట్టుకోవడం, స్నానం, వాకిలి పని ముగించేసరికి గంట గడుస్తుంది. అప్పుడు చాయ్ పెట్టుకోవచ్చు. మాత్రల సీసాను నీళ్ల బిందె దగ్గర కాకుండా, పొడిగా, వెలుతురు తగలని గూటిలో ఉంచాలి.

రాత్రి కాపలా పనిచేసేవారికి, తెల్లవారేసరికి చాయ్ తప్పనివారికి మరొక దారి ఉన్నది. చివరి భోజనం అయిన మూడు గంటల తరువాత, పడుకునే ముందు మాత్ర వేసుకోవచ్చు. డాక్టరుకు చెప్పి ఏదో ఒక వేళనే స్థిరంగా పాటించాలి. ఉపవాసం రోజున కూడా మాత్ర మానరాదు. రంజాన్ నెలలో సహరీకి ముందు గాని, రాత్రి ఆలస్యంగా గాని వేసుకునే పద్ధతిని డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి.

గర్భిణులు, పిల్లలు

ఇక్కడ నిర్లక్ష్యానికి చోటు లేదు. గర్భం మొదటి నెలలలో శిశువు తన మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోన్‌పైనే ఆధారపడుతుంది. మాత్ర వాడుతున్న స్త్రీకి నెల తప్పిందని తెలియగానే టి.ఎస్.హెచ్. పరీక్ష చేయించాలి. చాలామందికి మోతాదు పెంచవలసి వస్తుంది. గర్భిణి అని మాత్ర ఆపించే పెద్దలు, తెలియక బిడ్డకే హాని చేస్తున్నారు.

గర్భిణికి ప్రభుత్వం ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు కూడా ఇస్తుంది. ఈ రెండూ థైరాయిడ్ మాత్రకు అడ్డుపడతాయి. కనీసం 4 గంటల ఎడం ఉండాలి. ఐరన్, కాల్షియం మధ్య కూడా 2 గంటలు ఎడం అవసరం. ఈ క్రమం పాటించవచ్చు:

ఉదయం 5 గంటలు: థైరాయిడ్ మాత్ర, మంచినీళ్లు.
ఉదయం 6 గంటల తరువాత: ఫలహారం, పాలు.
మధ్యాహ్నం 1 గంట, భోజనంతో: కాల్షియం.
సాయంత్రం 5 గంటలు: ఐరన్ మాత్ర. దీనితో చాయ్ వద్దు. నిమ్మరసం మంచిది.
రాత్రి 8 గంటలు, భోజనంతో: రెండవ కాల్షియం మాత్ర.

పుట్టుకతో థైరాయిడ్ లోపం సుమారు వేయిమంది శిశువులలో ఒకరికి ఉంటుంది. మొదటి రోజులలో పైకి ఏమీ కనిపించదు. పుట్టిన కొద్ది రోజులలో రక్త పరీక్ష చేసి, రెండు వారాలలోపు మందు మొదలుపెడితే బిడ్డ అందరిలాగే ఎదుగుతుంది. నెలల తరబడి ఆలస్యమైతే తెలివితేటలకు కలిగే నష్టం తిరిగి రాదు. పురుడు బొంబాయిలో జరిగినా, పుట్టింట జరిగినా "బిడ్డకు థైరాయిడ్ పరీక్ష చేశారా?" అని అడగడం తల్లిదండ్రుల బాధ్యత. బడిలో పిల్లవాడు ఎత్తు పెరగకుండా, మందకొడిగా ఉన్నట్లయితే మొద్దు అని ముద్ర వేయకుండా ఈ పరీక్ష చేయించాలి.

బలం మాత్రలు, పొడులు

కాల్షియం, విటమిన్ డి, బి-12: పరీక్షలో లోపం ఉంటే తీసుకోవాలి. ఇవి థైరాయిడ్‌ను నయం చేయవు. కాల్షియానికి 4 గంటల ఎడం తప్పదు. పుల్లత్రేన్పులకు వాడే ఆంటాసిడ్ మందులకూ ఇదే నియమం.

సెలీనియం: చేప, గుడ్డు, ధాన్యాలలో సహజంగా ఉంటుంది. మాత్రల రూపంలో అందరికీ అవసరం లేదు. కంటి సమస్య ఉన్న కొందరు హైపర్‌థైరాయిడ్ రోగులకు డాక్టర్లు రాస్తారు. మోతాదు మించి చాలాకాలం వాడితే జుట్టు రాలుతుంది, గోళ్లు పెళుసుబారుతాయి. జుట్టు రాలుతున్నదని దీనిని కొనేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

బయోటిన్: జుట్టు కోసం అమ్మే మాత్రలలో ఉంటుంది. గ్రంథికి హాని చేయదు గాని, రక్త పరీక్ష ఫలితాన్ని తారుమారు చేస్తుంది. పరీక్షకు కనీసం 2 రోజుల ముందు ఆపి, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

సముద్రపు నాచు మాత్రలు: వీటిలో అయోడిన్ ఎంత ఉంటుందో నిలకడ లేదు. రెండు రకాల రోగులకూ ప్రమాదమే.

అశ్వగంధ: థైరాయిడ్ హార్మోన్‌ను పెంచగలదు. హైపర్‌థైరాయిడ్ ఉన్నవారు వాడరాదు. మిగిలినవారు డాక్టరుకు చెప్పకుండా వాడరాదు. గర్భిణులు అసలే వాడరాదు.

ధనియాల నీళ్లు, కొబ్బరినూనె: ఇవి థైరాయిడ్‌ను నయం చేస్తాయనడానికి ఆధారం లేదు. ధనియాల నీళ్లు తాగాలనుకుంటే మాత్ర వేసుకున్న గంట తరువాత తాగవచ్చు. మాత్రకు బదులుగా మాత్రం కాదు.

"మూడు నెలల్లో థైరాయిడ్ మాయం" అనే పొడులు: లెవోథైరాక్సిన్ దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉన్నది, దాని ధరపై ప్రభుత్వ నియంత్రణ ఉన్నది. జన ఔషధి దుకాణాలలో మరింత తక్కువకు దొరుకుతుంది. అంత చవకైన మందును ఆపించి, ఖరీదైన పొడిని అమ్మేవారి మాట వినేముందు ఎవరికి లాభమో ఆలోచించాలి.

హైపర్‌థైరాయిడ్ ఉన్నవారికి

వీరికి బలమైన ఆహారం కావాలి. పప్పు, గుడ్డు, పాలు, చేప సమృద్ధిగా తీసుకోవాలి. ఎముకలు పలుచబడే ప్రమాదం ఉన్నందున కాల్షియం, విటమిన్ డి గురించి డాక్టరును అడగాలి. చాయ్, కాఫీ తగ్గిస్తే దడ, వణుకు కొంత తగ్గుతాయి. బీడీ, సిగరెట్ కంటి సమస్యను ముదిరేలా చేస్తాయి. ఇంట్లో వాడే అయోడిన్ ఉప్పును మానవలసిన పని లేదు. రేడియో అయోడిన్ చికిత్సకు ముందు మాత్రం డాక్టరు చెప్పిన రోజులు అయోడిన్ తగ్గించవలసి ఉంటుంది.

కార్బిమజోల్ మాత్ర వాడేవారికి జ్వరం, గొంతు నొప్పి, నోటిలో పుండ్లు వస్తే మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రిలో రక్త పరీక్ష చేయించాలి. ఈ మందు కొందరిలో తెల్ల కణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. ఇది అరుదే, కాని ఆలస్యం ప్రాణాంతకం.

ఊరి ప్రయాణం, పరీక్షలు

ప్రయాణానికి ముందు ఉండబోయే రోజులకంటే రెండు వారాలకు అదనంగా మాత్రలు తీసుకోవాలి. సీసాపై 25, 50, 100 అన్న అంకెను చీటీలో రాసుకోవాలి. అత్త సీసాలోని 100 మాత్రను కోడలు తన 25కు బదులు వేసుకోవడం ప్రమాదం. ఒక్కరోజు మరిస్తే కంగారు వద్దు, మరునాటి నుండి మామూలుగా కొనసాగించాలి. కంపెనీ మారినా, మోతాదు మారినా 6 నుండి 8 వారాల తరువాత టి.ఎస్.హెచ్. చూపించుకోవాలి. అంతకు ముందు చేస్తే సరైన ఫలితం రాదు. అంకె సరిగా వచ్చిందని మాత్ర ఆపరాదు, ఆ అంకె మాత్ర వల్లనే సరిగా వచ్చింది.

కామాటిపురాకు దగ్గరలో ముంబయి సెంట్రల్ వద్ద మునిసిపల్ నాయర్ ఆసుపత్రి, భాయఖళా వైపు ప్రభుత్వ జె.జె. ఆసుపత్రి, పరేల్‌లో మునిసిపల్ కె.ఇ.ఎం. ఆసుపత్రి ఉన్నాయి. పరేల్‌లోనే భాభా అణు పరిశోధన కేంద్రానికి చెందిన రేడియేషన్ మెడిసిన్ సెంటర్ 1963లో ఏర్పడింది. రేడియో అయోడిన్‌తో థైరాయిడ్ చికిత్సకు అది పేరుపొందిన సంస్థ. ఊళ్లో ఉన్నప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ద్వారా పరీక్షకు రక్తం పంపే వీలు గురించి అడగాలి. పాత రిపోర్టులన్నీ ఒకే సంచిలో ఉంచి వెంట తీసుకువెళ్లాలి.

అక్కడ వినిపించే మరాఠీ మాటలు

కొత్తగా వెళ్లిన కోడళ్లకు, తోడు వెళ్లే పెద్దలకు ఇవి ఉపయోగపడతాయి.

ఉపాశీ పోటీ: పరగడుపున (హిందీలో ఖాలీ పేట్)
గోళీ: మాత్ర
మీఠ్: ఉప్పు
జాడ మీఠ్, ఖడే మీఠ్: కల్లుప్పు
గలగండ్: గొంతు వాపు
రక్త తపాసణీ: రక్త పరీక్ష
గరోదర్: గర్భిణి

సంగ్రహంగా

ఉప్పు డబ్బా రెండు ఇళ్లలోనూ అయోడిన్ ఉప్పుదే కావాలి. మాత్ర పరగడుపున, చాయ్‌కు గంట ముందు, ప్రతిరోజూ వేసుకోవాలి. ఐరన్, కాల్షియం నాలుగు గంటల తరువాతే. నెల తప్పిన వెంటనే పరీక్ష, పుట్టిన బిడ్డకు పరీక్ష. ఇవి పాటించే ఇంట్లో థైరాయిడ్ ఉన్నవారు అందరితో సమానంగా తిని, పనిచేసి, పిల్లలను కని పెంచగలరు. ఊళ్లోని పెద్దలు ఫోన్ చేసినప్పుడు "ఏమి తిన్నావు?" అని అడుగుతారు కదా, "పొద్దున మాత్ర వేసుకున్నావా?" అని కూడా అడిగితే సగం చికిత్స జరిగినట్లే.

గమనిక: ఈ వ్యాసం సాధారణ అవగాహన కోసం మాత్రమే. మోతాదు మార్చడం, మందు మొదలుపెట్టడం, ఆపడం డాక్టరు సలహాపైనే జరగాలి.